వేరు పడకంటే వేరు కాపురమా?

భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో పడుకుంటున్నారని తెలిస్తే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న, "ఏం, మాటల్లేవా?" అని. నిద్ర పట్టడం లేదా అని అడిగేవారు తక్కువ. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2023లో జరిపిన సర్వేలో, పక్కన పడుకునే మనిషి మూలంగా అప్పుడప్పుడో, రోజూనో వేరే గదిలో పడుకుంటున్నామని మూడోవంతుకు పైగా జనం చెప్పారు. దీనికి అక్కడ 'నిద్ర విడాకులు' అని పేరు. పేరు పెట్టినవారెవరో గానీ, మంచం మారగానే విడాకుల దాకా వెళ్ళిపోయారు!

మన పల్లెల సంగతి చూద్దాం. దంపతులకంటూ ఒక గది ఉన్న రైతు ఇళ్ళు ఎన్ని? ఎండాకాలం మగవాళ్ళు వాకిట్లో నులక మంచాల మీద, ఆడవాళ్ళూ పిల్లలూ లోపల. పంట చేతికొచ్చే రోజుల్లో కావలి కోసం మంచె మీద. మా ఇంట్లోనైతే ఈ ఏర్పాటు కరెంటు చేసింది. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో నాన్న బాయికాడే పడుకునేవాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి మోటరు వేయాలి, చీకట్లో పాముల మధ్య మడికి నీళ్ళు కట్టాలి. అప్పుడు ఏ చుట్టమూ "మాటల్లేవా?" అని అడగలేదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. నాన్న రాత్రిళ్ళు ఇల్లు చేరాడు. ఆయనతోపాటు ఆయన గురకా చేరింది. అమ్మ 4 గంటలకే లేచి బర్రెల పాలు పిండాలి. కొన్నేళ్ళు ఓర్చుకుంది. నిరుడు కొత్త ఇల్లు కట్టుకున్నాక, విత్తనాల బస్తాలు పెట్టే అర్రలో తన మంచం వేసుకుంటానంది.

నాన్న ముఖం చిన్నబోయింది. "నన్ను మళ్ళ బాయికాడికి తోలుతున్నవా?" అన్నాడు. మా మేనత్త వచ్చి, "ఏంది వదినె, మా అన్నతోని పడ్తలేదా?" అని మొదలుపెట్టింది. అమ్మ చేతిలోని చేట కింద పెట్టి, "మీ అన్న ఏండ్లకేండ్లు బాయికాడ పండుకుంటే ఎవ్వలూ అడగలే. ఇప్పుడు నేను గోడ అవతల పండుకుంట అంటే అందరూ అడుగవట్టిరి" అంది.

అసలు విషయం ఆ మాటలోనే ఉంది. పొలం కోసం విడిగా పడుకుంటే లోకానికి అభ్యంతరం లేదు. ఆడమనిషి తన నిద్ర కోసం విడిగా పడుకుంటానంటే మాత్రం అది సంసారంలో లోపమైపోతుంది.

అయితే సైన్సు చదువుతున్నందుకు ఇక్కడొక మాట చెప్పక తప్పదు. నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది. అక్కడి మెత్తటి పొరలు గాలికి అదిరితే వచ్చే చప్పుడే గురక. ఆ దారి పూర్తిగా మూసుకుపోతే శ్వాస కాసేపు ఆగి, మనిషి ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటాడు. రాత్రిలో ఇలా పదే పదే జరిగితే పగలంతా మత్తు, పైగా రక్తపోటు పెరిగే ప్రమాదం. చిత్రమేమంటే ఈ సంగతి పడుకున్నవాడికి తెలియదు, పక్కనున్నవారికే తెలుస్తుంది.

పట్నంలో డాక్టరు, "నిద్రలో శ్వాస ఆగుతుందా?" అని అడిగితే నాన్న, "నిద్రల ఉన్నోనికి నాకేం ఎరుక?" అన్నాడు. అమ్మ చెప్పింది: "ఆగుతది సారూ. గురకతోని నాకు నిద్ర చెడలే. అది ఆగినప్పుడు మళ్ళ ఎప్పుడొస్తదా అని మెలకువతోని ఉంట." నాన్న ఆమె వైపు చూసి మరి మాట్లాడలేదు.

ఇప్పుడు నాన్న ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకుంటాడు. గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే యంత్రం అది. ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివాన్ లోకానికి తెలిపాడు. కనుక గురక ఉన్న ఇంట్లో గది మార్చే ముందు ఆ గురక సంగతి తేల్చుకోవాలి. గోడ చప్పుడునైతే ఆపుతుంది గానీ జబ్బును ఆపదు.

గురక తగ్గినా అమ్మ మాత్రం పాత మంచానికి రాలేదు. "అలవాటైంది, మంచిగ నిద్ర పడ్తంది" అంటుంది. నాన్న కూడా మళ్ళీ అడగలేదు. తెల్లవారుజామున ఇద్దరూ పొయ్యి దగ్గర చాయ్ తాగుతూ పత్తి ధర గురించి వాదించుకుంటుంటే ఇల్లంతా వినిపిస్తుంది. ఒకరికొకరు చెప్పుకుని వేసుకున్న రెండు మంచాల వల్ల మా ఇంటి కాపురానికి వచ్చిన లోటేమీ నాకు కనిపించలేదు.