వద్దంటే వద్దనే అనుకున్నారు!

మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకి టేబుల్ మీద బ్రెడ్డు, చీజు, వెన్న, దోసకాయ ముక్కలు, టమాటాలు, ఒక పళ్లెంలో పల్చగా కోసిన మాంసం ముక్కలు పెట్టారు. స్నాక్స్ అనుకున్నా. ఇప్పుడే కడుపు నింపేసుకుంటే రాత్రికి భోజనం ఎలా చేస్తాం? అందుకని ఒక్క బ్రెడ్డు ముక్క, నాలుగు దోసకాయ చక్రాలు తిని ఊరుకున్నా. ఏడయింది. ఎనిమిదయింది. వంటింట్లో గిన్నె చప్పుడు లేదు. తొమ్మిదింటికి అందరూ గుడ్ నైట్ చెప్పేసి ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

అప్పుడు వెలిగింది నాకు. అదే రాత్రి భోజనం!

జర్మనీలో దాన్ని ‘ఆబెండ్‌బ్రోట్’ అంటారు. అంటే ‘సాయంత్రం బ్రెడ్డు’ అనే. పేరులోనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఆ రాత్రి సూట్‌కేస్ తెరిచి అమ్మ కట్టిచ్చిన జంతికలు తీశా. కరకరలాడితే పక్క గదిలోకి వినిపిస్తుందేమోనని దుప్పటి ముసుగేసుకుని, ఒక్కోటి నోట్లో నానబెట్టుకుని తిన్నా. ఇరవై రెండేళ్లొచ్చాక దొంగతనంగా జంతికలు తింటానని ఎప్పుడూ అనుకోలేదు.

మాది ఖమ్మం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుంటున్నప్పుడు ఈ వాలంటీర్ సర్వీస్ గురించి తెలిసింది. ఒకప్పుడు అక్కడ సైన్యంలో చేరడం ఇష్టం లేని కుర్రాళ్లు బదులుగా ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు. 2011లో నిర్బంధ సైనిక సేవ ఆపేశాక ఆ చేతులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి అదే ఏడాది ప్రభుత్వం ఫెడరల్ వాలంటీర్ సర్వీస్ మొదలుపెట్టింది. విదేశీయులూ చేరొచ్చు. జీతం ఉండదు, పాకెట్ మనీ ఇస్తారు. 27 ఏళ్లలోపు వాళ్లకి ఏడాదిలో 25 రోజులు సెమినార్లు ఉంటాయి. నాకు స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో వృద్ధాశ్రమంలో పని, అక్కడికి బస్సులో పావుగంట దూరంలో ఉన్న ఒక కుటుంబంతో ఉండటానికి గది దొరికాయి. అమ్మానాన్న, పదహారేళ్ల అబ్బాయి, పదకొండేళ్ల అమ్మాయి. వాళ్లతో కలిపి నేను ఐదోదాన్ని.

‘డాంకె’ తెచ్చిన తంటా

మన ఇళ్లలో పద్ధతి తెలిసిందేగా. ఎవరైనా ‘తింటావా’ అనగానే ‘ఆ, పెట్టండి’ అనకూడదు. మొదటిసారి ‘వద్దండీ’ అనాలి. రెండోసారి ‘అయ్యో, ఇప్పుడే తినొచ్చా’ అనాలి. మూడోసారి వాళ్లు బలవంతంగా వడ్డిస్తే ‘చాలు చాలు’ అంటూ తినాలి. మా అమ్మ చిన్నప్పటి నుంచి నేర్పింది ఇదే. ఎవరింట్లోనైనా ఎగబడితే ఇంటికొచ్చాక తొడపాశం గ్యారంటీ.

ఇక్కడ రెండోసారి అడిగేవాళ్లే లేరు. ‘ఇంకో బ్రెడ్డు కావాలా?’ అంటే నేను నవ్వుతూ ‘డాంకె’ అనేదాన్ని. థాంక్స్ అని నా ఉద్దేశం. వెంటనే బ్రెడ్డు బుట్ట అవతలికి వెళ్లిపోయేది. సూప్ గిన్నె వచ్చేది, ‘డాంకె’ అనగానే నా పక్కనుంచి దాటిపోయేది. రెండు వారాల పాటు ఆ గిన్నెలు అలా వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నా. వీళ్లకి మర్యాద తెలీదనుకున్నా. నిజం చెప్పాలంటే, పిసినారులనీ అనుకున్నా.

గుట్టు విప్పింది వృద్ధాశ్రమం. ఒక మధ్యాహ్నం కాఫీ టైములో ఒక బామ్మగారిని ‘కేక్ తింటారా?’ అని అడిగా. ‘డాంకె’ అన్నారావిడ. సంతోషంగా పెద్ద ముక్క తెచ్చి ముందు పెట్టా. ఆవిడ కేక్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. పక్కనున్న నర్సు పకపకా నవ్వి చెప్పింది. ఏదైనా ఇస్తామన్నప్పుడు ఒట్టి ‘డాంకె’ అంటే ‘వద్దు, థాంక్స్’ అని అర్థమట. కావాలంటే ‘యా, గెర్నె’ అనాలట. అంటే ‘సంతోషంగా తీసుకుంటా’ అని.

అంటే రెండు వారాలుగా నేనే ప్రతి రాత్రి ‘వద్దు, వద్దు’ అంటున్నా. వాళ్లేమో పాపం, నా మాటని గౌరవిస్తున్నారు!

ఆ సాయంత్రం బ్రెడ్డు బుట్ట రాగానే ‘యా, గెర్నె’ అన్నా. మూడు ముక్కలు తిన్నా. ఇంటాయన కనుబొమలెగరేసి బుట్ట మొత్తం నా ముందు పెట్టేశారు.

కాగితాల బుట్టలో దొరికిపోయా

ఆకలి తీరింది కానీ మొహమాటం ఒక్క మాటతో పోయే రోగం కాదు. నేను చికెన్, చేపలు తింటా. బీఫ్, పోర్క్ తినను. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. ఆశ్రయమిచ్చిన వాళ్లకి తిండి దగ్గర షరతులు పెట్టడమేంటి అనిపించింది.

చిన్నదానికి నేనంటే తెగ ఇష్టం. రోజూ నా కోసం తనే ఒక బ్రెడ్డు తయారుచేసేది. వెన్న రాసి, పైన పోర్క్ ముక్క పరిచి, దోసకాయతో కళ్లు, టమాటాతో నోరు పెట్టి, ‘ఇది నువ్వు’ అని ఇచ్చేది. ఆ ముఖం చూశాక ‘తినను’ అని ఎలా చెప్తాం? ఎవరూ చూడకుండా ఆ మాంసం ముక్కని పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి జేబులో పెట్టుకునేదాన్ని. తర్వాత నా గదిలోని చెత్తబుట్టలో వేసేదాన్ని.

జర్మనీలో చెత్త సంగతి విన్నారా? కాగితాలకి ఒక డబ్బా, కూరగాయల తొక్కలకి ఒకటి, ప్యాకింగ్ కవర్లకి ఒకటి, మిగతావాటికి ఇంకోటి. నా గదిలో ఉన్నది కాగితాల బుట్ట. శనివారం ఉదయం ఆవిడ దాన్ని ఖాళీ చేయడానికి తీసుకెళ్లారు. నేను బ్రష్ చేసుకుని బయటికొచ్చేసరికి వంటింటి బల్ల మీద నాలుగు నాప్‌కిన్ ఉండలు, విప్పి ఉన్నాయి. వాసన. పక్కనే చిన్నది నిలబడి ఉంది.

‘నేను చేసింది నీకు నచ్చలేదా?’ అని అడిగింది.

నచ్చింది, కానీ నేను పోర్క్ తినను, చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు అని నాకొచ్చిన జర్మన్‌లో అతుకులు వేసుకుంటూ చెప్పా. అది సూటిగా నా కళ్లలోకి చూసి అంది: ‘చెప్పుంటే చీజు పెట్టేదాన్ని. ఇప్పుడు బాధగా ఉంది.’

అని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆవిడ కాఫీ కలిపి నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు తెలిసింది అసలు విషయం. నేను ఏదడిగినా నవ్వి ఊరుకోవడం, పెట్టింది సగం తినడం, భోజనం అవగానే గదిలోకి వెళ్లిపోవడం చూసి, వీళ్లింట్లో ఉండటం నాకు ఇష్టం లేదనుకున్నారట. ముందు రోజే మా కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి, ‘ఆ అమ్మాయికి వేరే కుటుంబం కావాలేమో కనుక్కోండి’ అన్నారట. ‘నీ మనసులో ఏముందో ఊహించడం నాకు చేతకాదు. చెబితేనే తెలుస్తుంది’ అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది.

నేను కష్టపడి పాటించిన మర్యాద అవతలివాళ్లకి తలుపు మూసినట్టు అనిపించిందన్నమాట. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. దాన్ని పిల్లలకి చెప్పే అమ్మలే మళ్లీ అడిగితే తొడపాశం పెడతారు. ఎటు పోవాలి మనం?

ఫ్రిజ్ మీద నా పేరు

ఆ రోజు ఇద్దరం ఒక కాగితం మీద రెండు వరుసలు రాశాం. తినేవి, తిననివి. తర్వాత ఆవిడ ‘ఇంకేమైనా?’ అన్నారు. గుండె చిక్కబట్టుకుని ఇంకోటి అడిగా. ఫ్రిజ్ తలుపు మీద ఇంటి పనుల చార్ట్ ఉండేది. గిన్నెల మెషిన్ ఖాళీ చేయడం, చెత్త కింద పెట్టడం, బల్ల సర్దడం... రోజుకొకరి పేరు. నలుగురి పేర్లే ఉండేవి. ‘నా పేరు ఎందుకు లేదు?’ అని అడిగా. ‘నువ్వు అలసిపోయి వస్తావు కదా, అందుకని’ అన్నారు. ‘చుట్టాలకే పని చెప్పరు. నేను ఏడాది ఉంటా’ అన్నా. ఆవిడ పెన్ను నా చేతికే ఇచ్చారు.

మంగళ, శుక్రవారాలు గిన్నెల మెషిన్ నాది. ఆ ప్రాంతంలో ‘కేర్‌వోహె’ అని ఇంకో ఆచారం ఉంది. అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చే వంతు వారానికో ఇంటికి మారుతుంది. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న బోర్డు వేలాడుతుంది. మా వంతు వచ్చినప్పుడు నేనూ చిన్నదీ పై నుంచి కింది దాకా ఊడ్చాం. మెట్లు ఊడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి కింది ఇంటి ముసలాయన వింతగా చూశారు. ఆ మెట్ల మీదే చిన్నది నాతో మళ్లీ మామూలుగా మాట్లాడింది.

అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరిగింది. ఇంటికీ నాకూ మధ్య మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర అయింది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఒకరోజు పని నుంచి రాగానే ఆవిడ ‘ఎలా ఉన్నావు?’ అన్నారు. అలవాటుగా ‘బాగున్నా’ అనబోయి ఆగా. ‘బాగాలేను. అమ్మ గుర్తొస్తోంది’ అన్నా. ఆవిడ ఏం సలహా ఇవ్వలేదు. కోటు కూడా విప్పనివ్వకుండా ‘పద, నడిచొద్దాం’ అన్నారు. గంటసేపు చలిలో నడిచాం. ఎక్కువగా ఏం మాట్లాడుకోలేదు.

మరుసటి ఆదివారం ఆ ప్రాంతం వంటకం ఒకటి చేశారు. ఉడికిన పప్పు, పక్కన ‘ష్పెట్సలె’ అనే పిండి నూడుల్స్. నాకోసం మాంసం వేయలేదు. పప్పులో కాస్త వెనిగర్ పోసుకుని తింటారు. ఒక స్పూను నోట్లో పెట్టుకున్నా... పుల్లపుల్లగా, ఎక్కడో పప్పుచారుకి దూరపు చుట్టం! రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నా.

తర్వాతి వారం అసలు పప్పుచారు నేను పెట్టా. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పోపు వేస్తే ఇల్లంతా దగ్గులు. శీతాకాలంలో కిటికీలన్నీ తెరవాల్సొచ్చింది. పెద్దవాడు ఒక ప్లేటు తిని ‘చాలు’ అన్నాడు. నా చెయ్యి ఆగుతుందా? ఇంకో రెండు గరిటెలు పోశా. వాడు ఇబ్బందిగా ప్లేటు వంక చూసి, ‘నేను చాలన్నాను కదా’ అన్నాడు మెల్లగా. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక. వాళ్లింట్లో ప్లేటులో పడింది వదిలేయరు. కష్టపడి తిన్నాడు పాపం. నోరు విప్పకపోవడమే కాదు, అవతలివాళ్ల మాట వినకపోవడం కూడా నా అలవాటేనని ఆ రెండు గరిటెలు చెప్పాయి.

ఏడాది అయ్యాక ఇంటికొచ్చా. మొన్న పిన్ని వాళ్లింటికి వెళితే గుమ్మంలోనే ‘భోంచేస్తావా?’ అంది.

‘ఆ పిన్నీ, బాగా ఆకలేస్తోంది. పప్పుచారు ఉందా?’ అన్నా.

పిన్ని ఒక్క క్షణం ఆగిపోయింది. ‘ఏంటే, జర్మనీ వెళ్లి సిగ్గు వదిలేసొచ్చావా?’ అని నవ్వుతూ కంచం పెట్టింది. కడుపు నిండా తిని ‘చాలు పిన్నీ’ అన్నా. వింటేనా? ఇంకో గరిటె పోసేసింది.

ఏం చేస్తాం. అదీ తిన్నా.