ఆదివారం మాత్రలు

5 జనవరి 2025, ఆదివారం. పటమట

పొద్దున ఏడైనా అమ్మ వేళ్లు పట్టు వదల్లేదు. పాలప్యాకెట్ మూల పళ్లతో కొరుకుతోంది. కత్తెర పట్టుకోలేదు, నన్ను పిలవదు. కాఫీగ్లాసును రెండు చేతులతో పొదువుకుని అరగంట కూర్చున్నాక కాస్త సాగాయి. టిఫినయ్యాక ఆదివారం మాత్రలు ఇచ్చాను. రెండు చిన్న పసుపు బిళ్లలు, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే. రేపు ఫోలిక్ యాసిడ్.

మొదటి ఏడాది నేను ఊళ్లో లేనప్పుడు మూడు రోజులు వరసగా మింగేసింది. నోరంతా పూసి, మంచినీళ్లు కూడా దిగలేదు. ఆస్పత్రిలో వారం ఉంచాల్సొచ్చింది. అప్పట్నించి ఆ స్ట్రిప్పు నా బీరువాలో, క్యాలెండర్‌లో ఆదివారాల చుట్టూ ఎర్ర పెన్సిలు సున్నాలు.

8 జనవరి, బుధవారం

నేను పనిచేసే ల్యాబ్‌లో సంక్రాంతి ప్యాకేజీ పెట్టారు. ఈసారి అందులో హెచ్‌ఎస్-సీఆర్‌పీ కూడా చేర్చారు, ‘గుండె వాపు పరీక్ష’ అని బోర్డు. పొద్దున ఒకాయన తుమ్ముతూ, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు. జలుబు తగ్గాక రెండు వారాలాగి రండి, ఇప్పుడు చేస్తే ఎక్కువే వస్తుంది అన్నాను. కౌంటర్‌లోంచి చూపులు నా మీద పడ్డాయి. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీను. పంటి చీము అయినా, న్యుమోనియా అయినా పెరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాములోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, మూడు దాటితే ఎక్కువ అంటారు. ఒంట్లో ఎక్కడో పొగ లేస్తోందని చెప్పగలదు గానీ ఏ కొంపో చెప్పలేదు.

రాత్రి కైకలూరు నుంచి తమ్ముడి ఫోను. నవంబర్లో స్టెంట్ వేశారు వాడికి. నలభై ఆరేళ్లు. కొలెస్ట్రాల్ రిపోర్టు నా చేతుల మీదుగానే వచ్చింది, వంక పెట్టడానికేం లేదు. సిగరెట్ మాత్రం ఉంది, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం ఉంది. ‘రక్తనాళంలో వాపు’ అన్నారట డాక్టరుగారు.

“అక్కా, అమ్మకి వాపుకే కదా ఆ ఆదివారం బిళ్లలు? నాకూ వాపే అంటున్నారు. నేనూ వేసుకుంటే?”

నవ్వొచ్చింది. తర్వాత నవ్వడానికేముందో తెలీలేదు. చదివి చెప్తాలే అన్నాను.

12 జనవరి, ఆదివారం. రైల్లో

పండక్కి కైకలూరు. గుడివాడ దాటాక మంచినీళ్ల సీసా తీసి అమ్మకి బిళ్లలు వేశాను. కిటికీ అవతల కుప్పలు, కోసిన మళ్లలో అప్పుడే పచ్చబడ్డ మినుము, తర్వాత ఇక చెరువులే చెరువులు. ఈ రైలు ఇలాగే ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం పోతుంది. యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన ఊరు. 1895లో, సరిగ్గా జనవరి 12నే.

మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరాడు. తోడబుట్టినవాణ్ణి పొట్టనపెట్టుకున్న స్ప్రూ జబ్బు తననీ పీడించింది. పేగుల జబ్బది, తిన్నది ఒంటబట్టదు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందు. ఆ ఫోలిక్ యాసిడ్‌కే అడ్డుపడే మందులూ అక్కడే పుట్టాయి. పిల్లల ల్యుకేమియాకు వాడిన అమినోప్టెరిన్ ఒకటి, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇంకొకటి. క్యాన్సర్ కోసం పుట్టిన మందు చిన్న మోతాదులో కీళ్లవాతానికి అమరింది. ఆదివారం అడ్డుపడేది, సోమవారం ఆ లోటు పూడ్చేది, రెండూ ఒకే ఇంటివి. ఆరేళ్లుగా ఈ రెంటినీ అమ్మ అరచేతిలో నేనే పెడుతున్నాను.

ఆయన 1948 ఆగస్టులో పోయాడు. యాభై మూడేళ్లకి. గుండెపోటు.

13 జనవరి, సోమవారం. భోగి. కైకలూరు

నాలుగింటికే మంట వేశారు. పాత తలుపు రెక్క, తాటాకులు, పిల్లల పిడకల దండలు. మధ్యలో ఎవడో సైకిల్ టైరు పడేశాడు. తమ్ముణ్ణి పొగ రాని పక్కకి లాగాను. “అక్కకి భోగి మంట కూడా జబ్బే” అని వెక్కిరించారు. అనుకోనీ. ఆ పొగలో సన్నటి నుసి ఊపిరితిత్తుల్ని దాటి గుండెదాకా చేటు చేస్తుంది. టైరు సంగతి చెప్పక్కర్లేదు.

తెల్లారాక వాడి వెంట చెరువు గట్టు మీదికి వెళ్లాను. మందు సంగతి అడిగాడు. ముందు అసలు వాపేమిటో చెప్పాలి కదా. అమ్మ కణుపులు చూస్తే తెలుస్తుంది: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ పుస్తకంలోనూ ఈ నాలుగే గుర్తులు రాసి పెట్టారు. వీడి గుండె నాళంలో నాలుగింట్లో ఒక్కటీ బయటికి కనబడలేదు. కొవ్వు నాళం గోడలోకి ఇంకుతుంది, తెల్లకణాలు దాన్ని మింగడానికి చేరతాయి, మింగి మింగి అక్కడే ఉబ్బి చస్తాయి. వాటి కోసం ఇంకొన్ని వస్తాయి.

“మరి పూడిక కాదా? కాలవలో మేట వేసినట్టు?”

“పూడికా ఉంటుందిరా. కానీ చాలా గుండెపోట్లు పూడికతో కాదు, గండితో.” ఆ గోడ పైపొర లోపలి వాపుకి పలచబడి ఒకచోట తెగుతుంది. తెగినచోట రక్తం గడ్డ కడుతుంది. దారి మూసుకుపోతుంది.

వాడు ఆగి గట్టు వాలు చూపించాడు. ఎండ్రకాయ బొక్కలు, మూడు నాలుగు. “నీళ్లు పైనుంచి పొర్లి గట్టు తెగడం ఎప్పుడో గానీ చూడం. ఈ బొక్కలే.” మొన్న సెప్టెంబర్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్న రోజుల్లో వాడు పడవ మీద మా పిన్ని వాళ్లకి అన్నం పొట్లాలు మోశాడు. గండి అంటే వాడికి నేను చెప్పేదేముంది.

మెథోట్రెక్సేట్ సంగతి అప్పుడు చెప్పాను. వీడి ప్రశ్నే అమెరికాలో పెద్ద డాక్టర్లు అడిగారు. గుండెజబ్బున్న 4,786 మందికి, సగం మందికి ఇదే వారపు మాత్ర, సగం మందికి ఉత్త బిళ్ల. 2018లో ఫలితం వచ్చింది: గుండెపోట్లు తగ్గలేదు. సీఆర్‌పీ కూడా కదల్లేదు. అంతకు ముందేడాదే 10,061 మంది మీద కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ చూశారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒక్క వాపు కబురునే అడ్డుకుంటుంది. కొలెస్ట్రాల్‌ని ముట్టుకోకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు పదిహేను శాతం తగ్గించింది. కానీ ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరిగాయి, ఖరీదు మనం అడగాల్సింది కాదు. గుండెజబ్బుకి వాడటానికి దానికి అనుమతి రాలేదు. వాపు నిజమే, కానీ అన్ని వాపులూ ఒక్క పొయ్యి మీదివి కావు.

“అయితే అమ్మ బిళ్ల నాకొద్దు.”

“వద్దు. నీకు రాసిన స్టాటిన్ మానకు. అది కొవ్వుతో పాటు వాపునీ కొంత తగ్గిస్తుంది. ఆ సిగరెట్టు...”

“సరే, సరే.” చెప్పు మడమతో ఒక బొక్కలోకి బంకమట్టి తొక్కుతున్నాడు.

కొల్చిసిన్ గురించి చెప్పలేదు. మన అడవినాభి దుంపలోనూ ఉండే పాత గౌటు మందు. ఒక పరీక్షలో గుండెకి మేలన్నారు, నిరుడు ఇంకో పెద్ద పరీక్షలో తేడా లేదన్నారు. చెబితే ఈ సాయంత్రానికే దుంప తవ్వుకొచ్చేవాళ్లు ఉన్నారు మా బంధువుల్లో.

19 జనవరి, ఆదివారం. పటమట

బిళ్లలు ఇచ్చాను. అమ్మ పసుపు పాలు కూడా తాగింది. తాగనీ.

రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడి కోసం చదివినవాటిలో ఒక వాక్యం పక్కకి నెట్టి వదిలేశాను, అది ఇప్పుడొచ్చి కూర్చుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అమ్మకి డెబ్భై ఒకటి. ఆరేళ్లుగా మూడు నెలలకోసారి నేనే సూది గుచ్చి రక్తం తీస్తున్నాను. మందు చెడు చేస్తుందేమోనని రక్తకణాలు, లివరు, క్రియాటినిన్. ఒక్కసారి కూడా లిపిడ్లు రాయించలేదు. వేళ్ల వాపు కళ్లెదురుగా కనబడుతుంటే ఇంకెక్కడా వెతకబుద్ధి కాలేదు.

24 జనవరి, శుక్రవారం

పరగడుపున కూర్చోబెట్టాను. మోచేతి దగ్గర నరం దొరకలేదు, ముంజేతి వెనక దొరికింది. ఉబ్బిన కణుపుల మీద నా వేలు ఆనితే చెయ్యి లాక్కుంది, మళ్లీ తనే ఇచ్చింది. పసుపు మూత ట్యూబు, తర్వాత ఊదారంగు మూతది.

“ఎప్పుడూ తీసేంతేనా?” అంది.

“అంతేనమ్మా. కాగితం మీద ఒక టిక్కు ఎక్కువ పెట్టాను.”

“దేనికే?”

దూది ఒత్తి పట్టుకోమన్నాను. బొటనవేలు వంగలేదు. నేనే పట్టుకుని నిలబడ్డాను.