గుల్‌మార్గ్ వెళ్తున్నారా? కర్ర చూసి తీసుకోండి!

గుల్‌మార్గ్ అనగానే మనకి సినిమా పాటలు, తెల్లటి కొండలు, శాలువాలు గుర్తొస్తాయి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేదీ వాటి గురించే. నేను మాత్రం అక్కడి స్కీ కర్రల గురించి చెబుతాను. ‘కర్రలో చెప్పడానికేముందీ?’ అనకండి. మన పిల్లలు ఆ మంచు మీద జారేటప్పుడు చేతికి దొరికే ఆధారం అదొక్కటే.

2023 ఫిబ్రవరిలో మావారు, నేను, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి వెళ్ళాం. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. టాంగ్‌మార్గ్ దాకా ప్రయాణం హాయిగానే సాగుతుంది. అక్కడ్నించి పైకి 13 కిలోమీటర్లు దేవదారు, పైన్ చెట్ల మధ్య ఒకటే మలుపులు. మంచు బాగా పడ్డ రోజుల్లో చక్రాలకి ఇనుప గొలుసులు చుట్టిన బండ్లలోనే ఎక్కాలి. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో పచ్చిక మైదానంగా ఉండే చోటు చలికాలంలో పాలమీగడ పరిచినట్టు ఉంటుంది. అక్కడి గొండోలా, అంటే తీగల మీద నడిచే పెట్టెలు, రెండు అంచెలు. కొంగ్‌డోరి దాకా వెళ్ళే మొదటిది 1998లో, అఫర్వత్ కొండకి వెళ్ళే రెండోది 2005లో మొదలయ్యాయి. పైన జారడం ఆరితేరినవాళ్ళ పని. కొత్తవాళ్ళకి కింద మైదానం పక్కనున్న చిన్న వాలులు చాలు.

మా అమ్మాయి నాలుగు రోజులు నేర్చుకుంటానంది. బూట్లు, స్కీలు, కర్రలు అన్నీ అద్దెకి దొరుకుతాయి. మేం తీసుకున్న కొట్లో ఇచ్చిన కర్రల్లో ఒకదాని అడుగు బిళ్ళ వదులుగా ఉంది. అడిగితే “అన్నీ ఇంతే” అన్నాడు. గంట తిరక్కుండా ఆ బిళ్ళ ఊడి మంచులో కలిసిపోయింది. మరుసటి అడుగులో కర్ర మెత్తటి మంచులోకి సగానికి పైగా దిగబడింది. పిల్ల పక్కకి పడింది. పట్టీ చేతికి చుట్టుకుని ఉండటంతో బొటనవేలు వెనక్కి విరుచుకుంది. చూస్తుండగానే వాచిపోయింది. నా ప్రాణం ఎగిరిపోయిందంటే నమ్మండి. డాక్టరు చూసి, నరం తెగలేదు, రెండు రోజులు కదపొద్దన్నాడు. స్కీ చేసేవాళ్ళకి కర్రతో పడినప్పుడు బొటనవేలు మొదట్లో లోపలి కట్టు తెగడం మామూలేనట. దానికి ‘స్కీయర్స్ థంబ్’ అని పేరు కూడా ఉంది.

నేర్పే అబ్బాయి మమ్మల్ని ఓ చెక్క గదిలో కర్రలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. అందరూ ఆయన్ని ‘చాచా’ అంటారు. ఫెరన్ లోపల నిప్పుల కాంగ్డీ పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు నేను రాసిన రాష్ట్రభాష పరీక్షల హిందీ ఇన్నాళ్ళకి పనికొచ్చింది. “కూర్చో బేటీ” అని నున్‌చాయ్ పోయించి, పని చేస్తూనే అన్నీ చెప్పాడు.

కర్రకి ఐదు భాగాలు: పైన పిడి, చేతి పట్టీ, గొట్టం, అడుగున బిళ్ళ, చివర లోహపు మొన. బిళ్ళని ‘బాస్కెట్’ అంటారు గానీ అది మన కవ్వం చివరి పువ్వులా ఉంటుంది. దాని పనల్లా కర్రని దిగబడనివ్వకపోవడమే. మెత్తటి నేలలో మంచం కోళ్ళ కింద పలకలు పెడతాం చూడండి, అలాగన్నమాట. తొక్కి గట్టిపరిచిన మంచుకి చిన్న బిళ్ళ చాలు. అప్పుడే పడ్డ మెత్తటి మంచుకి వెడల్పుది కావాలి. కొన్ని మర బిగించేవి, కొన్ని నొక్కి ఎక్కించేవి. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కనుక బలవంతంగా తొయ్యకూడదు. వేడినీళ్ళలో వేసి మెత్తబడ్డాక ఎక్కించాలి.

మొన అరిగి మొద్దుబారితే గట్టి మంచు మీద జారిపోతుంది. దాన్ని మార్చడానికి చాచా కర్ర చివరని మరుగుతున్న నీళ్ళలో కాసేపు ఉంచి, ప్లయర్‌తో మెలితిప్పుతూ పాతది లాగేశాడు. ఆ ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీలకే మరుగుతాయి కనుక కొంచెం ఎక్కువసేపు ఉంచాలట. (అక్కడ పప్పు కుక్కర్ లేకుండా ఎందుకు ఉడకదో అప్పుడర్థమైంది!) గొట్టాన్ని శుభ్రంగా తుడిచి, కాస్తే కరిగే జిగురు రాసి, కొత్త మొన తొడిగి, చెక్క ముక్క మీద రెండు దెబ్బలు వేశాడు. పిడి మార్చాలన్నా వేడినీళ్ళే మందు. అల్యూమినియం గొట్టం కొద్దిగా వంగితే మెల్లగా సాపు చెయ్యొచ్చు. మడత పడితే మాత్రం మళ్ళీ అక్కడే విరుగుతుంది. కార్బన్ కర్రకి గీతంత పగులు కనిపించినా వాడకూడదు.

మీరు అద్దెకి తీసుకునేటప్పుడు ఈ నాలుగూ చూడండి:

బిళ్ళని పట్టి లాగండి. కదలకూడదు. రెండు కర్రల బిళ్ళలూ ఒకే సైజు ఉండాలి.

కర్రని తలకిందులు చేసి బిళ్ళ కింద పట్టుకోండి. మోచెయ్యి సరిగ్గా ఎల్ ఆకారంలో ఉంటే పొడవు సరిపోయినట్టు.

పట్టీ కుట్లు చూడండి. నైలాను తాడుతో ముడేసిందైతే వద్దనండి. చెయ్యిని కింద నుంచి పైకి పట్టీలోకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. చెట్ల దగ్గర, పైకి లాగే లిఫ్టు దగ్గర పట్టీ తీసెయ్యాలి.

పొడవు మార్చుకునే కర్రైతే బిగించి, బరువు మోపి చూడండి. దిగిపోతే మర బిగించమనండి.

పిల్లలకి సొంత కర్రలు కొన్నవాళ్ళకి ఇంకో మాట. వాడాక పొడిబట్టతో తుడిచి, గొట్టాలు విడదీసి నీడన ఆరబెట్టండి. నూనె రాయకండి, పట్టు జారిపోతుంది. ఒక జత బిళ్ళలు అదనంగా సంచిలో ఉంచుకోండి.

“కొత్తవి కొనడం తేలిక కదా చాచా?” అని అడిగాను. “మంచున్న మూణ్ణెల్లే మా పొయ్యి వెలిగేది బేటీ. ఒక జత మూలన పడితే ఒక జత అద్దె పోయినట్టే. ఇక ఊడిన బిళ్ళతో ఇస్తే పోయేది ఎవరి పిల్ల చెయ్యో” అన్నాడు. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచే లేదని పేపర్లో చదివినప్పుడు ఆ మూణ్ణెల్ల మాటే మనసులో మెదిలింది. ఫిబ్రవరిలో మంచు పడిందని తెలిశాక గానీ మనసు కుదుటపడలేదు.

నాలుగో రోజు మా అమ్మాయి చాచా బాగుచేసిన కర్రలతో వాలంతా పడకుండా దిగింది. అప్పుడు చూడాలి మావారి మొహం!

మన ఊళ్ళలో మంచు లేదు గానీ కర్రలున్నాయి. ఇంట్లో అత్తగారో మావగారో వాడే చేతికర్ర అడుగున రబ్బరు తొడుగు ఉంటుంది. అది అరిగి నున్నబడితే తడి బాత్రూం గచ్చు మీద కర్ర జర్రున జారుతుంది. మందుల షాపులో అడిగితే తక్కువ ధరకే కొత్తది దొరుకుతుంది. కర్ర లావు కొలుచుకుని వెళ్ళండి. ఈ పని మాత్రం ఇవాళే చెయ్యండి.