అమ్మమ్మ వరస

మా అమ్మమ్మ వయసులో ఉండగా రామచంద్రపురం వైపు పొలాల్లో ఊడ్పులకి వెళ్ళేది. మొన్నో రాత్రి సీత-అనసూయల పాత రికార్డొకటి ఫోన్‌లో వినిపించాను. సగం వినకుండానే నవ్వేసింది. "ఇంత నింపాదిగా పాడితే ఊడ్పులయినట్టే!"

కాకినాడ వింజమూరి అక్కచెల్లెళ్ళు వీళ్ళు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్ళు. అనసూయ ఎనిమిదేళ్ళ వయసుకే గ్రామఫోను రికార్డుకి పాడారు. ఇద్దరూ కలిసి పల్లెపాటని కచేరీ వేదిక మీదకీ, మద్రాసు రేడియోలోకీ తీసుకెళ్ళారు. పాటకి హార్మోనియం తోడైంది, కాళ్ళకంటిన బురద పోయింది. మనకి ఆ ఇద్దరి పేర్లే మిగిలాయి. చేలో వంగి పాడినవాళ్ళ పేర్లు లేవు.

నాకు కాస్త కోపమే వచ్చింది. ఈలోగా అమ్మమ్మ అదే పాట తన వరసలో ఎత్తుకుని, రెండో చరణం దగ్గర ఆగిపోయింది. గుర్తు రావట్లేదు. వంత పాడేవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో.

"మళ్ళీ పెట్టవే" అంది.

మరిచిపోయిన మాటలు వాళ్ళ దగ్గర అందుకుంది. వేగం మాత్రం తనదే.

2019లో అనసూయ హ్యూస్టన్‌లో కన్నుమూశారు. నా ఫోన్‌లో ఇప్పుడా పాట రెండుసార్లుంది. రెండోది ఆ రాత్రి నేను రికార్డు చేసింది. దానికి అమ్మమ్మ పేరు పెట్టాను.