ఒక్కరోజు నగర దర్శనం: మా అక్కయ్య మధ్యాహ్న భోజనం

గోల్కొండ కోటలో రామదాసును బంధించిన చెరసాలను చూడాలన్నది మా అక్కయ్య చిరకాల వాంఛ. చిన్నతనంలో మా అమ్మ పక్కన కూర్చుని రామదాసు కీర్తనలు నేర్చుకున్ననాటి నుండి ఆ చెర ఆమె మనస్సులో ఒక పుణ్యక్షేత్రమై నిలిచింది. పెళ్లిళ్లకని, పురుళ్లకని, ఒకసారి కంటి శస్త్రచికిత్సకని రాజమహేంద్రవరం నుండి హైదరాబాదుకు ఎన్నో పర్యాయాలు వచ్చినా, కోట వైపు వెళ్లే తీరిక ఆమెకు గాని, తీసుకొని వెళ్లే తీరిక నాకు గాని చిక్కలేదు. నిరుడు ఫిబ్రవరిలో వచ్చేనాటికి ఆమెకు 74 ఏళ్లు. "ఇంకెప్పుడురా తమ్ముడూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా అబ్బాయి రోజంతటికీ కారు మాట్లాడతానన్నాడు. రెండున్నర వేల రూపాయలని వినగానే అక్కయ్య ఒప్పుకోలేదు. ఆమె అప్పటికే ఎవరో ఇచ్చిన కరపత్రం ఒకటి సంచిలో దాచుకొని ఉన్నది. తలకు 450 రూపాయలు, ఒక్కరోజులో తొమ్మిది స్థలాలు, వెంట గైడు. "కారులో మనం ముగ్గురం మొహమొహాలు చూసుకోవడమేగా! బస్సులో నలుగురూ ఉంటారు, చెప్పేవాడూ ఉంటాడు" అన్నది. నా భార్య కూడా వదినగారి పక్షమే వహించింది. అలా ముగ్గురమూ బయలుదేరాము.

"మా అమ్మానాన్నలను ఇటువంటి చవక బస్సు యాత్రకు పంపవచ్చునా, డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా?" అని పాఠకులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. ఆ రోజు జరిగినది యథాతథంగా చెప్పడమే వారికి నేనివ్వగల సమాధానం. ఇందులో నా తప్పిదమూ ఉన్నది గనుక చెప్పడానికి కొంత సంకోచించాను.

బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. అక్కయ్య మాత్రం ఆరు గంటలకే రెండు ఇడ్లీలు తిని, ఎప్పటివలెనే గ్లైమిపిరైడ్ మాత్ర వేసుకున్నది. ఇంట్లో అయితే మూడు ఇడ్లీలు, పదకొండు గంటలకు మజ్జిగతో ఏదో ఒక పలహారం తీసుకొంటుంది. ఆ రోజు బస్సులో కడుపు తిప్పుతుందని ఒక ఇడ్లీ తగ్గించింది. నీళ్లు రెండు గుక్కలకు మించి ముట్టలేదు. ఎందుకని అడిగితే, "దారిలో ఆపమని ఎవరిని అడుగుతామురా?" అన్నది. ఈ సమాధానం నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం స్త్రీల నోట విన్నదే. ప్రయాణమంటే నీళ్లు మానడమే వారికి తెలిసిన ఉపాయం. రక్తపోటుకు మాత్రలు వాడే వృద్ధులు నీళ్లు మానితే, కూర్చున్న సీటులో నుండి లేచినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. బస్సు మెట్ల మీద తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు. మూత్రం గంటల తరబడి ఆపుకొంటే కలిగే మంట, జ్వరం సంగతి సరేసరి.

మా ముందు సీటులోని పెద్దాయన ఇంకొక మెట్టు పైకి వెళ్లాడు. గుండె బలహీనతకు తాను రోజూ ఉదయం వేసుకొనే నీరు పోయే మాత్రను ఆనాటికి మానేశానని నాతో సగర్వంగా చెప్పాడు. అటువంటి మాత్ర వేసుకొనే వేళను, వైద్యుని అడిగి, ఒక రోజుకు మార్చుకోవచ్చు. మాత్రనే మానివేస్తే నీరు ఊపిరితిత్తులలో చేరి రాత్రి ఆయాసం తెప్పించగలదు. ఇంటికి చేరగానే తన డాక్టరుకు ఫోను చేయమని చెప్పాను. ఆయన నావైపు అనుమానంగా చూశాడు.

హుస్సేన్ సాగర్ మధ్యనున్న బుద్ధ విగ్రహాన్ని బస్సు కిటికీలో నుండే చూశాము. 1990లో ఆ ఏకశిల పడవ మీద నుండి జారి నీట మునిగిన సంగతి, 1992లో దానిని పైకి తీసి నిలిపిన సంగతి గైడు చెబుతుండగానే బస్సు మలుపు తిరిగిపోయింది. కరపత్రంలోని తొమ్మిది స్థలాలలో ఐదింటిని మేము ఇలా కిటికీలో నుండే చూశాము. అది మోసమని అనలేను. "చూపిస్తాము" అన్నారే గాని "దింపుతాము" అనలేదు.

సాలార్ జంగ్ మ్యూజియంలో గంటన్నర ఇచ్చారు. మూడవ సాలార్ జంగ్ సేకరించిన ఆ సంపదకు గంటన్నర ఏ మూలకూ చాలదు. అయినా మేలిముసుగు రెబెకాను గైడు తిన్నగా తీసుకొని వెళ్లి చూపాడు. ఆ పాలరాతి ముసుగు మాటున ముఖం కనబడడం చూసి అక్కయ్య చాలాసేపు నిలబడిపోయింది. పన్నెండు గంటలకు గడియారం ముందు కూర్చోబెట్టాడు. చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు దెబ్బలూ కొట్టి లోపలికి వెళ్లింది. ఆ రోజు మా మోకాళ్లకు దొరికిన విశ్రాంతి దాదాపు అదొక్కటే. మ్యూజియంలో నడక తక్కువే కదా అని చాలామంది అనుకొంటారు. ఒక అడుగు వేసి రెండు నిమిషాలు నిలబడడం, మళ్లీ ఒక అడుగు వేయడం, సాఫీగా నడవడం కంటె నడుముకు, కాళ్లకు ఎక్కువ శ్రమ. నడిచేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. ఊరకే నిలబడితే ఆ పని ఆగి, రక్తం కాళ్లలోనే నిలుస్తుంది.

1591 నాటి చార్మినారును కింది నుండి చూపించి, ఒంటి గంటకు భోజనమన్నారు. కాని బస్సు ఆగినది భోజనశాల ముందు కాదు, ఒక ముత్యాల దుకాణం ముందు. "పది నిమిషాలు" అన్నాడు గైడు. అక్కడ యాభై నిమిషాలు గడిచాయి.

ఆ యాభై నిమిషాలలో నేను చూచినది, చూచి కూడా గ్రహించనిది చెబుతాను. అక్కయ్య ఒక ఎత్తుపీట మీద కూర్చుని మౌనం వహించింది. నా భార్య ఒక దండ చూపించి బాగుందా అని అడిగితే, "నీ ఇష్టం, నన్నడుగుతావెందుకు?" అని విసుక్కున్నది. మా అక్కయ్య జన్మలో మరదలిని అలా కసిరినది లేదు. ముత్యాలు కొనడం నచ్చలేదేమోనని నేను భావించాను. ఏసీ చల్లగా వీస్తున్న ఆ దుకాణంలో ఆమె నుదుటి మీద చెమట నిలిచి ఉన్నది. అదీ చూశాను. ఉక్క అనుకొన్నాను! రేటు అడిగిన దుకాణపు కుర్రవానికి ఆమె తన ఊరి పేరు చెప్పినప్పుడు గాని నాకు మెలకువ రాలేదు.

అది లో షుగర్. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే శరీరం వణుకుతో, గుండెదడతో, చెమటతో, ఆకలితో హెచ్చరిస్తుంది. ఇంకా తగ్గితే మెదడుకు ఇంధనం చాలక చిరాకు, తడబాటు, పొంతన లేని మాటలు మొదలవుతాయి. ఆ పైన స్పృహ తప్పుతుంది, మూర్ఛ రావచ్చు. అక్కయ్య రక్తపోటుకు మెటొప్రొలాల్ కూడా వాడుతున్నది. ఆ జాతి మందులు వణుకును, దడను కప్పివేస్తాయి. చెమటను మాత్రం కప్పలేవు. అంటే ఆమెకు మిగిలిన ప్రధానమైన హెచ్చరిక ఆ చెమటే, దానినే నేను ఉక్క అనుకొన్నాను. గ్లూకోమీటరు ఇంటి దగ్గర అలమరలో ఉన్నది, ఒక్క పూటకు ఎందుకులే అని.

మీటరు లేనప్పుడు లో షుగరే అనుకొని చక్కెర ఇవ్వాలి. అనుమానం తప్పయినా ఆ కొద్ది చక్కెర వలన వచ్చే నష్టం స్వల్పం. దుకాణంవారు ఒక తీపి కూల్‌డ్రింకు సీసా తెప్పించారు. అర గ్లాసుకు పైగా తాగించాను. చక్కెర లేని డైట్ రకం ఇందుకు పనికిరాదు. మాట తడబడినా మింగగలుగుతున్నది గనుక నోటి ద్వారా ఇచ్చాను. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పదిహేను నిమిషాలకు చెమట ఆరింది. "నేనేమన్నా అన్నానా అమ్మాయ్?" అని మరదలి చేయి పట్టుకొన్నది. అంతటితో అయిపోయిందని అనుకోరాదు. గ్లైమిపిరైడ్ పనిచేసే కాలం దీర్ఘం. వృద్ధాప్యంలో మూత్రపిండాల శక్తి తగ్గి ఉంటే ఇంకా దీర్ఘం. తాగిన చక్కెర కరిగిపోగానే మళ్లీ పడిపోవచ్చు గనుక వెంటనే అన్నం పెట్టాలి. నేను గైడుతో కాస్త గట్టిగానే మాట్లాడాను. రెండుంబావుకు భోజనశాల చేరాము.

పాపం, ఆ కుర్రవాడు ఏం చేయగలడు? భోజనం దగ్గర తానే వచ్చి కూర్చుని చెప్పాడు. దుకాణం ముందు బస్సు ఆగితేనే యజమానికి నాలుగు డబ్బులు వస్తాయట, 450 రూపాయల టికెట్టు గిట్టుబాటు కావాలంటే అదే దారి అట. కారుకు ఇచ్చే రెండున్నర వేలకు, మా మూడు టికెట్ల 1350కి మధ్య మిగిలిన డబ్బు మాకెవరూ దానంగా ఇవ్వలేదు. అక్కయ్య భోజనవేళ నుండి, మూత్రవిసర్జనకు ఆగని మలుపుల నుండి, కూర్చోవడానికి దొరకని నిమిషాల నుండి దానిని వసూలు చేసుకొన్నారు. పాతికేళ్లవానికి ఆ మూల్యం లెక్కలోనిది కాదు. మధుమేహం, మోకాళ్ల నొప్పి ఉన్న డెబ్బదేళ్లవారికి అదే అసలు మూల్యం.

గోల్కొండ చేరేసరికి నాలుగు దాటింది. కుతుబ్ షాహీ సమాధులు కిటికీకే పరిమితమైనాయి. శిఖరం దాకా సుమారు 360 మెట్లు, గంటలో తిరిగి రావాలి. అంతకు ముందే పడిలేచిన మనిషిని ఎక్కనివ్వడం నాకు సమ్మతం కాలేదు. అక్కయ్య వాదించలేదు. ఆమె వాదించకపోవడమే నన్ను బాధించింది. ప్రవేశం దగ్గరి గుమ్మటం కింద గైడు చప్పట్లు కొట్టించి, ఆ ధ్వని కొండమీద బాలా హిసారులో వినిపించేదని, శత్రువు రాక పైవారికి అలా తెలిసేదని చెప్పాడు. నా భార్య తక్కిన వారితో పైకి వెళ్లింది. అక్కయ్య కింద నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. దిగివచ్చిన నా భార్య చప్పట్లు వినిపించాయని, అందరూ కొడుతున్నారు గనుక ఎవరివో తెలియలేదని అన్నది. "నావే" అన్నది అక్కయ్య. చెరసాల ఫొటోను ఫోనులో చూపితే కళ్లకద్దుకొన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఒంటి గంటకు అన్నం తిని ఉంటే నెమ్మదిగా ఆమె ఆ మెట్లు ఎక్కగలిగేదే.

పది రోజుల తరువాత, ఆమె ఊరికి బయలుదేరే ముందు, ఆటో మాట్లాడుకొని ఉదయం తలుపులు తెరిచే వేళకే కోటకు వెళ్లాము. రోజూ తినే వేళకు తిన్నది. సంచిలో గ్లూకోమీటరు, పంచదార పొట్లం, పెరుగన్నం, నీళ్లు ఉన్నాయి. పాయిఖానా ఎక్కడున్నదో లోపల అడుగు పెట్టగానే అడిగి తెలుసుకొన్నాము. కుడి మోకాలు నొప్పి గనుక ఎడమచేతికి కర్ర ఇచ్చాను. ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు వేయాలని ఇంటి మెట్ల మీదనే అభ్యాసం చేయించాను. మోకాలికి ఎక్కడం కంటె దిగడమే కష్టం. ఇరవై మెట్లకొకసారి ఆగాము. తొందరపెట్టేవారు లేరు.

చెరసాలలో గోడమీద రామదాసు చెక్కుకొన్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపాల ముందు ఆమె కూర్చుండిపోయింది. నేను ఏదైనా చెప్పాలనుకొన్నాను. పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించిన కథకు మించి నాకేమీ తోచలేదు. అది ఆమెకు నాకంటె బాగా తెలుసు. ఇంతలో ఒక యువదంపతులు ఇద్దరు పిల్లలతో వచ్చారు. ఇది ఏమిటని తండ్రి తెలుగులోనే మమ్మల్ని అడిగాడు. అక్కయ్య లేచి నిలబడి, ఆనాటి గైడు చెప్పినవన్నీ, అతని గొంతు విరుపుతో సహా, వరుసగా చెప్పసాగింది. తానీషా, పన్నెండేళ్ల చెర, గుమ్మటం కింద చప్పట్లు, చివరికి కోట నుండి చార్మినారు దాకా ఉన్నదనే సొరంగం కూడా. పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు.

"అక్కయ్యా, ఆ సొరంగం ఉత్త కట్టుకథ" అన్నాను, వారు వెళ్లిన తరువాత.

"ఆ అబ్బాయి చెప్పాడు. నువ్వు ముత్యాల కొట్లో ఎంత చూశావో తెలుసులే" అన్నది అక్కయ్య. కర్ర అందుకొని నొప్పి కాలు ముందు వేసింది.