పోలే తమ్మీ, సున్నాలో ఉంది!

రాత్రి పన్నెండున్నర. చిలకలగూడలో మా రూమ్. కిటికీలోంచి సికింద్రాబాద్ స్టేషన్ అనౌన్స్‌మెంట్లు సన్నగా వినిపిస్తున్నాయి. నేను ఆఫీసు సర్వర్‌కి కనెక్ట్ అయి, విమ్‌లో ఒక సెట్టింగ్స్ ఫైల్ మారుస్తున్నా. పని చిన్నదే. పాత 12 లైన్లు తీసేసి, ఇంకో ఫైల్లోని కొత్త 12 లైన్లు అక్కడ పెట్టాలి.

విమ్ అంటే మౌస్ ముట్టుకోకుండా, అన్నీ కీబోర్డుతోనే చేసుకునే ఎడిటర్. 1976లో బిల్ జాయ్ మొదలుపెట్టిన ‘వీఐ’ని చూసి, దానికి మెరుగులు దిద్ది, నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో దీన్ని విడుదల చేశాడు. లినక్స్ సర్వర్లతో పనిచేసేవాళ్లకి ఇది ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. ఇందులో ‘వై’తో కాపీ, ‘డీ’తో డిలీట్, ‘పీ’తో పేస్ట్. నాకు తెలిసిన విమ్ అంతే.

కొత్త లైన్లు కాపీ చేశా. పాతవి డిలీట్ చేశా. పీ కొట్టా. 12 లైన్లు వచ్చాయి. సేవ్ చేసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, ‘అయిపోయింది’ అని గ్రూప్‌లో మెసేజ్ పెట్టా. ఒంటిగంటకి పాత మెషీన్‌ని ఆపేశారు. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. ఆర్డర్లు ఒక్కటీ వెళ్లట్లేదు!

ఫైల్ చూస్తే గుండె జారింది. అవి పాత లైన్లే. రెండింటికీ తేడా చివర్లో ఉన్న మెషీన్ అడ్రస్ ఒక్కటే కాబట్టి గమనించలేదు. విమ్‌లో డిలీట్ అంటే నిజానికి కట్. డిలీట్ చేసిందే పీకి దొరుకుతుంది. అంటే తీసేసినవాటినే నా చేత్తో నేనే తిరిగి పెట్టా.

చేతులు వణుకుతుంటే సీనియర్ అన్నకి ఫోన్ చేశా.

“కాపీ చేసింది పోయిందన్నా.”

“పోలే తమ్మీ. ఫైల్ మూసినవా?”

“లేదు.”

“ఆ పాత లైన్లు తీసెయ్. డబుల్ కోట్, సున్నా, పీ కొట్టు.”

కొట్టా. కొత్త లైన్లు వచ్చేశాయి.

మర్నాడు టీ దగ్గర అన్న విడమరిచి చెప్పాడు. “స్టేషన్‌ల క్లోక్ రూమ్ చూసినవు కదా? విమ్‌ల గూడ అట్లనే అరలుంటయ్. రిజిస్టర్లంటరు.” ఆఖరుగా కాపీ చేసింది సున్నా అరలో ఉంటుంది. డిలీట్లు దాన్ని ముట్టుకోవు. డిలీట్ చేసిన లైన్లు 1 నుంచి 9 వరకూ ఉన్న అరల్లోకి వరసగా జరుగుతాయి. ఇవన్నీ విమ్ సర్దుకునేవి. మనకంటూ ఏ నుంచి జెడ్ దాకా 26 అరలున్నాయి. కాపీకి ముందు డబుల్ కోట్, ఏ కొడితే ఆ ముక్క ‘ఏ’లో భద్రం. మళ్లీ డబుల్ కోట్, ఏ, పీ కొడితే బయటికొస్తుంది. అదే పెద్దక్షరం ఏ వాడితే, పాతది చెరిగిపోకుండా కొత్తది దాని వెనక చేరుతుంది. టైప్ చేస్తూ మధ్యలో కావాలంటే కంట్రోల్ ఆర్, ఏ. ఏ అరలో ఏముందో మర్చిపోతే కోలన్, ‘రెగ్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే చిట్టా మొత్తం ముందుంటుంది. అసలు దేన్నీ కదపకుండా డిలీట్ చేయాలంటే అండర్‌స్కోర్ అర. అందులో వేసింది ఇక తిరిగి రాదు.

ఇదంతా ముందే తెలిసుంటే ఆ రాత్రి అంత దూరం వచ్చేది కాదు. లైన్లు దొరికాయి కానీ, ఆ ఇరవై నిమిషాల ఆర్డర్లు దొరకలేదు. ఉదయం మీటింగ్‌లో తప్పు నాదేనని చెప్పా. అప్పట్నుంచి పేస్ట్ చేసింది ఒకసారి చదవకుండా సేవ్ చేయను.

మీకు విమ్‌తో పని లేకపోవచ్చు. కానీ అకౌంట్ నంబర్ కాపీ చేసి, ఈలోగా ఇంకేదో కాపీ చేసి, మొదటిది పోగొట్టుకోనివాళ్లు ఎవరు? జీబోర్డ్‌లో క్లిప్‌బోర్డ్ ఆన్ చేసుకుంటే కాపీ చేసినవి గంటసేపు ఉంటాయి. పిన్ చేస్తే ఆ తర్వాత కూడా ఉంటాయి. మా ఇంటి అడ్రస్ నా ఫోన్‌లో పిన్ చేసే ఉంది. విమ్‌లో అయితే, ముఖ్యమైనది కాపీ చేసే ముందు వేలు దానంతటదే డబుల్ కోట్ మీదికి వెళ్తోంది.