గుఱ్ఱమును, గాడిదయు

చదివి నవ్వి మఱచిపోవు గ్రంథములు పెక్కులు గలవు. నవ్విన పిదప మనస్సును కలచివేయునది స్పెయిను దేశీయుడగు సెర్వాంటిసు వ్రాసిన డాన్ క్విక్సోటు నవల. దాని మొదటి భాగము 1605లోను, రెండవది 1615లోను వెలువడెను. మా యింట రాత్రులయందు దీనిని బిగ్గఱగా చదువుకొనుట వాడుక. గాలిమరలను రాక్షసులని యెంచి వీరుడు బల్లెమెత్తి దుమికిన చోట పిల్లలు కడుపు పట్టుకొని నవ్వుదురు. కాని వీరకథలు చదివి మతి చలించిన పెద్దమనిషి బక్కగుఱ్ఱము మీదను, అక్షరము రాని పల్లెటూరి కష్టజీవి సాంకో పాంజా గాడిద మీదను ప్రక్కప్రక్కన పోవుటలో నవ్వును మించిన మాట యొకటి కలదని మా తలంపు.

క్విక్సోటు మొదటిసారి యిల్లు వెడలినపుడు ఒంటరివాడు. త్రోవలో నొక ధనికుడగు రైతు, గొఱ్ఱెలను పోగొట్టుచున్నాడని తన కాపరి కుఱ్ఱవానిని చెట్టునకు కట్టి కొట్టుచుండెను. వానికి తొమ్మిది నెలల జీతము బాకీ. వీరుడు గద్దించి, జీతమిచ్చునట్లు రైతుచే ప్రమాణము చేయించి, లోకమున నొక యన్యాయము తఱిగినదని మురియుచు సాగిపోయెను. అతడు కనుమఱుగు కాగానే కుఱ్ఱవానికి మునుపటికంటె మిక్కుటముగా దెబ్బలు పడెను. కొన్నాళ్లకు వాడే యెదురుపడి, ఇకమీద తన్ను కాపాడ రావలదని వీరుని వేడుకొనెను. క్విక్సోటు సిగ్గుతో నిలిచిపోగా, అప్పటికి తోడుగా వచ్చియున్న సాంకో తన సద్దిలోనుండి రొట్టెయు జున్నును తీసి వాని చేతిలో పెట్టెను.

ఇట్టిది మన వీథులలోను జరుగును. మా పొరుగున నొక బాలికను బడి మానిపించిరి. ఊరి పెద్దలు కొందఱు వచ్చి తండ్రిని మందలించి, మాట తీసికొని వెడలిరి. మఱునాటినుండి ఆ పిల్లకు బడియు లేదు, ఇంట శాంతియు లేదు. అప్పుడు మజ్జిగ మిషతో ప్రతిదినము ఆ యింటికి పోయి, కబుర్ల నడుమ తల్లి మనస్సును మెల్లగా మరల్చినది చదువురాని యొక ముసలమ్మ. ఆఱు మాసములకు పిల్ల మరల పలక పట్టెను. పెద్దలు ముందుగా కదలింపకున్న నా ముసలమ్మకు ప్రసంగమెత్తుటకు త్రోవ లేదు. ఆమె లేకున్న పెద్దల మాట వాకిటనే నిలిచిపోయెడిది.

నవల చివర క్విక్సోటునకు పిచ్చి వదలును. కాని ప్రాణమును పోవుచుండును. గాలిమరలు గాలిమరలే యని యంతకాలము వాదించిన సాంకోయే, చావవలదనియు, లేచి రమ్మనియు, కాపరుల వేషములతో పొలములకు పోవుదమనియు కన్నీటితో బ్రతిమాలును. కూటికొఱకు వెంట వచ్చినవానికి యజమాని కల యిట్లు అంటుకొనెను. ఒకే బాటను నడచినందుననే యిది సాధ్యమయ్యెను.

సంఘమును దిద్ద బయలుదేఱు పెద్దలు గుఱ్ఱమెక్కుటకు ముందు, గాడిద మీద తోడెవ్వరైన వచ్చుచున్నారేమో వెనుదిరిగి చూచుకొందురు గాక! బల్లెము విఱిగిన చోట సద్దిమూట యక్కఱకు వచ్చును.